కోచ్ మారితే జట్టు రాత మారుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఐపీఎల్‌లో మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ వరసగా మూడు ఓడితే చాలు, "ముందు ఆ కోచ్‌ని పంపించండి" అన్న మాట మొదలవుతుంది. గెలిచిన రోజు మాత్రం కోచ్ ఊసే ఉండదు. క్రికెట్, కబడ్డీ, ఫుట్‌బాల్ చూసేవాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడున్నాయి. హైదరాబాద్ జట్లనే ఎక్కువ ఉదాహరణలుగా తీసుకున్నాం. అట్టడుగు స్థానమూ కప్పూ రెండూ చూసిన ఊరు కాబట్టి ఈ లెక్క తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

కోచ్ ప్రభావం నిజంగా ఉందా, లేక అంతా ఆటగాళ్లదేనా?

ఉంది. కాకపోతే టీవీలో డగౌట్ వైపు కెమెరా తిప్పినప్పుడు మనకు అనిపించేంత లేదు. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రిస్టఫర్ బెర్రీ, ఆంథనీ ఫౌలర్ అమెరికాలోని బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ఐస్ హాకీ, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లను పరిశీలించారు. జట్ల ఫలితాల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో సుమారు 20 నుంచి 30 శాతం దాకా కోచ్‌కి ఆపాదించవచ్చని వాళ్ల లెక్క తేల్చింది.

అంటే 100 మ్యాచ్‌లు గెలిస్తే 30 కోచ్ గెలిపించినట్టా?

కాదు. ఈ అంకెని ఎక్కువ మంది ఇలాగే తప్పుగా చదువుతారు. ఒకే జట్టు ఒక ఏడాది బాగా ఆడుతుంది, ఇంకో ఏడాది చతికిలపడుతుంది. ఆ తేడా ఎందుకొచ్చిందని అడిగితే అందులో కోచ్‌ల మార్పుతో ముడిపడిన భాగమే ఈ 20-30 శాతం. మిగతాది ఆటగాళ్ల స్థాయి, గాయాలు, ప్రత్యర్థులు, షెడ్యూల్, వట్టి అదృష్టం.

అసలు దీన్ని కొలిచేదెలా?

ఆ పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. ఒక జట్టుకు ముప్పై ఏళ్లలో ఏడుగురు కోచ్‌లు పనిచేశారనుకోండి. ఎవరి హయాంలో ఎన్ని గెలిచారో చూస్తే తేడాలు కనిపిస్తాయి. కానీ ఏ ముప్పై ఏళ్లని ఏడు ముక్కలు చేసినా ఎంతో కొంత తేడా ఎలాగూ కనిపిస్తుంది. అందుకని ఏడుగురి పేర్లనీ చీటీల్లా కలిపేసి, ఎవరు ఎన్నేళ్లు చేశారన్నది మాత్రం అలాగే ఉంచి, వరస మార్చి మళ్లీ లెక్కేస్తారు. అలా వందలసార్లు. అసలు వరసలో కనిపించిన తేడా ఈ దొంగ వరసల్లో కనిపించే తేడా కంటే బాగా ఎక్కువైతే, ఆ అదనమే కోచ్‌ల ప్రభావం.

ఇందులో చిక్కు ఒకటుంది. కోచ్‌తో పాటు యజమానో కెప్టెనో కూడా అదే ఏడాది మారితే ఎవరి వాటా ఎంతో లెక్క విడదీయలేదు. మన దగ్గర దాదాపు ప్రతిసారీ జరిగేది అదే.

ఉదాహరణకు?

సన్‌రైజర్స్ కంటే ముందు ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు దక్కన్ చార్జర్స్. 2008లో 14 మ్యాచ్‌ల్లో 2 గెలిచి ఎనిమిది జట్లలో చిట్టచివర నిలిచారు. 2009లో కప్పు కొట్టారు. మధ్యలో రాబిన్ సింగ్ పోయి డారెన్ లీమన్ కోచ్‌గా వచ్చాడు. అదొక్కటే మారి ఉంటే ఇక్కడితో వ్యాసం ముగించేయొచ్చు. కానీ లక్ష్మణ్ స్థానంలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు, ఎన్నికల వల్ల టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. బంతి లేచే ఆ పిచ్‌ల మీద ఆర్పీ సింగ్ 23 వికెట్లు తీశాడు. ఫైనల్ గెలిచింది 6 పరుగుల తేడాతో. కోచ్, కెప్టెన్, పిచ్ మూడూ ఒకేసారి మారిన చోట లీమన్ వాటా ఇంత అని తూకం వేయడం కుదరదు.

మరి కోచ్ అదే మనిషై, ఆటగాళ్లు మారిన సందర్భం?

టామ్ మూడీ. 2013 నుంచి 2019 దాకా సన్‌రైజర్స్ కోచ్. ఆ ఏడు సీజన్లలో అయిదుసార్లు ప్లేఆఫ్స్, 2016లో టైటిల్. అదే మూడీ 2022లో తిరిగొస్తే ఎనిమిదో స్థానం. ఆయన ఆట మర్చిపోలేదు కదా. 2016లో వార్నర్ 848 పరుగులు చేశాడు, భువనేశ్వర్ 23 వికెట్లు తీశాడు. 2017 నుంచి రషీద్ ఖాన్ తోడయ్యాడు. 2022 మెగా వేలం నాటికి వార్నర్ లేడు, రషీద్ లేడు.

ఆ 2022 సీజన్‌నే ఇంకాస్త దగ్గరగా చూడండి. మొదటి రెండు ఓడి, తర్వాత వరసగా అయిదు గెలిచి, ఆ వెంటనే వరసగా అయిదు ఓడారు. అయిదు గెలిచిన వారాల్లో మూడీ మేధావి, అయిదు ఓడిన వారాల్లో పనికిరానివాడు. నెలన్నరలో ఒకే మనిషి గురించి రెండు తీర్పులు.

2024లో సన్‌రైజర్స్ 287 కొట్టింది. అది వెట్టోరి ఘనతే కదా?

కొంత. 2023లో బ్రయాన్ లారా కోచ్‌గా 14లో 4 గెలిచి పదో స్థానంలో నిలిచారు. 2024లో డేనియల్ వెట్టోరి వచ్చాడు, ఫైనల్‌కి వెళ్లారు. మధ్యలో వేలంలో 20.50 కోట్లకు కమిన్స్, 6.80 కోట్లకు హెడ్ వచ్చారు. దీన్ని కోచ్ ఖాతాలో వేయాలా, డబ్బు ఖాతాలో వేయాలా? ఐపీఎల్‌లో అందరి పర్సూ, అంటే వేలంలో ఖర్చు పెట్టగలిగే మొత్తం, ఒకటే. కాబట్టి ఆ డబ్బు ఎవరి మీద పెట్టాలన్న నిర్ణయంలో కోచ్ మాట చెల్లితే, ఆ మేరకు ఘనత ఆయనదే.

అంతకన్నా గట్టి ఆధారం పాత ఆటగాళ్లలో దొరుకుతుంది. అభిషేక్ శర్మ అంతకు ముందు నుంచీ జట్టులోనే ఉన్నాడు. 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2023లో రెండు మ్యాచ్‌లే ఆడాడు, 2024లో 303 పరుగులతో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు అందుకున్నాడు. వీళ్లను కొత్తగా కొనలేదు. మొదటి బంతి నుంచి కొట్టు, ఔటైనా వచ్చే మ్యాచ్‌లో నీ చోటు నీదే అన్న భరోసా మాత్రం కొత్తది. కోచ్, కెప్టెన్ కలిసి ఇవ్వగలిగింది అదే.

ఇప్పుడు 2025 చూడండి. అదే కోచ్, అదే కెప్టెన్, అదే పద్ధతి. మొదటి మ్యాచ్‌లో 286 కొట్టి, తర్వాత వరసగా నాలుగు ఓడి, చివరికి ఆరో స్థానం. ప్రత్యర్థులు ఏడాదిలో మందు కనిపెట్టేశారు.

డబ్బున్న జట్టే గెలుస్తుంది, కోచ్ నామమాత్రం అంటారు. నిజమా?

పర్సుకి పరిమితి లేని ఆటల్లో చాలా వరకు నిజం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు పదేళ్లలో జీతాలకు సగటున ఎంత పెట్టాయో, లీగ్‌లో సగటున ఎన్నో స్థానంలో నిలిచాయో పక్కపక్కన పెడితే, స్థానాల తేడాలో దాదాపు 90 శాతం జీతాల తేడాతోనే వివరించవచ్చని ఆర్థికవేత్తల లెక్కలు చూపించాయి. ఒక్క సీజన్ తీసుకుంటే ఈ బంధం అంత గట్టిగా ఉండదు, అక్కడ అదృష్టం పనిచేస్తుంది. 2015-16లో లెస్టర్ సిటీ టైటిల్ గెలిచింది ఆ సందులోంచే. మొదట్లో బుకీలు ఆ జట్టు మీద ఒకటికి 5000 ఇస్తామన్నారు.

ఐపీఎల్, ప్రో కబడ్డీల్లో పర్సుకి పరిమితి ఉంది. ఇక్కడ డబ్బు తేడా చెరిగిపోతుంది కాబట్టి కోచ్, స్కౌటింగ్ బృందం, వేలం బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల తెలివి బరువు పెరుగుతుంది.

సీజన్ మధ్యలో కోచ్‌ని తీసేస్తే వెంటనే గెలుపులు మొదలవుతాయి. ఇంకేం ఆధారం కావాలి?

ఈ ప్రశ్నకు నింపాదిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే క్లబ్బులు కోట్లు తగలేసేది ఇక్కడే.

ఒక మామూలు ఫుట్‌బాల్ జట్టు అనుకుందాం. ప్రతి మ్యాచ్‌లో గెలిచే అవకాశం 40 శాతం. వరసగా అయిదు మ్యాచ్‌ల్లో గెలుపే లేకపోవడానికి అవకాశం 0.6 ని అయిదుసార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 7.8 శాతం. తక్కువే అనిపిస్తుంది. కానీ 38 మ్యాచ్‌ల సీజన్‌లో ఎక్కడో ఒకచోట అలాంటి వరస పడే అవకాశం దాదాపు నాలుగింట మూడు వంతులు. అంటే కోచ్ ఏ తప్పూ చేయకపోయినా ఏడాదిలో ఒకసారి ఆయన ఉద్యోగం ఊడే పరిస్థితి వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ అయిదూ అయ్యాక ఆరో మ్యాచ్‌లో గెలిచే అవకాశం మళ్లీ 40 శాతమే. కొత్త కోచ్ వచ్చి నిలబడేసరికి జట్టు తన మామూలు స్థాయికి చేరుతుంది, పేరు ఆయనకి వస్తుంది. జ్వరం నాలుగో రోజుకి తగ్గేదైతే, మూడో రోజు రాత్రి మాత్ర ఇచ్చిన డాక్టర్‌కి హస్తవాసి ఉన్నట్టే.

నెదర్లాండ్స్ లీగ్ మీద ఆర్థికవేత్తలు ఇదే పరీక్షించారు. అంతే దారుణంగా ఓడుతూ కూడా కోచ్‌ని మార్చని జట్లని ఎంచుకుని, మార్చిన జట్లతో పోల్చారు. రెండూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి.

లెస్టర్ కథలో రెండో భాగం కూడా వినాలి. టైటిల్ గెలిపించిన కోచ్ రాన్యేరిని తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరి 23న తీసేశారు. సహాయకుడు క్రెయిగ్ షేక్స్‌పియర్ బాధ్యత తీసుకోగానే లీగ్‌లో వరసగా అయిదు గెలుపులు. ఆయన్నే పూర్తిస్థాయి కోచ్‌ని చేశారు. అక్టోబర్‌లో ఆయన్నీ పంపించేశారు.

అంటే కోచ్‌ని ఎప్పుడూ మార్చకూడదా?

మార్చాల్సిన సందర్భాలున్నాయి. ఆటగాళ్లతో మాటల్లేకపోవడం, ప్రాక్టీసుకి క్రమం లేకపోవడం, కుర్రాళ్లు ఏడాదికేడాది దిగజారడం. స్కోరుబోర్డు ఒక్కటే కారణమైతే మాత్రం ఆగడం మంచిది.

క్రికెట్‌లో కెప్టెన్ గొప్పా, కోచ్ గొప్పా?

మైదానంలో నిర్ణయాలన్నీ కెప్టెన్‌వే. బౌలర్‌ని మార్చేది, ఫీల్డర్‌ని జరిపేది, రివ్యూ అడిగేది అతనే. అందుకే ఫుట్‌బాల్ కోచ్‌తో పోలిస్తే క్రికెట్ కోచ్ చేతికి అందేది తక్కువ. 2007 టీ20 ప్రపంచకప్ గెలిచినప్పుడు భారత జట్టుకి హెడ్ కోచ్ అంటూ ఎవరూ లేరు, లాల్‌చంద్ రాజ్‌పుత్ క్రికెట్ మేనేజర్‌గా వెళ్లారు.

కానీ దీన్ని పట్టుకుని కోచ్ అనవసరం అనేస్తే పొరపాటు. 2007 వన్డే ప్రపంచకప్‌లో గ్రెగ్ చాపెల్ కోచ్‌గా తొలి దశలోనే ఇంటికొచ్చాం. 2011లో గ్యారీ కిర్‌స్టన్ కోచ్‌గా కప్పు కొట్టాం. వాంఖడేలో ఫైనల్ ఆడిన పదకొండు మందిలో ఎనిమిది మంది (సెహ్వాగ్, సచిన్, యువరాజ్, ధోని, హర్భజన్, జహీర్, మునాఫ్, శ్రీశాంత్) 2007 జట్టులోనూ ఉన్నవాళ్లే. నాలుగేళ్ల అనుభవం, ధోని కెప్టెన్సీ, సొంతగడ్డ అన్నీ కలిశాయి, ఒప్పుకోవాలి. అయినా ఈ మనుషులే అక్కడ ముడుచుకుపోయి ఇక్కడ విచ్చుకున్నారంటే డ్రెస్సింగ్ రూమ్ గాలి మారిందన్నమాట. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: వన్డేల్లో వరసగా 17సార్లు ఛేజ్ చేసి గెలిచింది చాపెల్ హయాంలోనే.

ఇంగ్లండ్ టెస్టు జట్టు 17 టెస్టుల్లో ఒక్కటే గెలిచిన దశలో 2022లో మెకల్లమ్ కోచ్‌గా వచ్చాడు. తర్వాతి 11లో 10 గెలిచారు. కెప్టెన్‌గా స్టోక్స్ కూడా అప్పుడే వచ్చాడు. మళ్లీ అదే చిక్కు.

ఒకే కోచ్ ఒక ఫార్మాట్‌లో గెలిచి ఇంకోదాంట్లో ఎందుకు ఓడతాడు?

గౌతమ్ గంభీర్ కోచ్‌గా ఉండగానే 2024 శరదృతువులో సొంతగడ్డ మీద న్యూజిలాండ్‌కి 0-3తో టెస్టు సిరీస్ పోగొట్టుకున్నాం, 2025 మార్చిలో చాంపియన్స్ ట్రోఫీ గెలిచాం. మధ్యలో నాలుగు నెలలే. తిరిగే పిచ్ మీద స్పిన్ ఆడటం, వన్డేలో మధ్య ఓవర్లు నడపడం వేర్వేరు పనులు, వాటికి కావలసిన ఆటగాళ్లు వేరు.

మ్యాచ్ జరిగే రోజు కోచ్ చేతిలో ఏముంటుంది?

తక్కువే. ఐపీఎల్‌లో ఇన్నింగ్స్‌కి రెండు స్ట్రాటజిక్ టైమౌట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. బౌలింగ్ జట్టు 6-9 ఓవర్ల మధ్య, బ్యాటింగ్ జట్టు 13-16 ఓవర్ల మధ్య తీసుకోవాలి. 2023 నుంచి ఇంపాక్ట్ ప్లేయర్ ఉంది: టాస్ దగ్గర అయిదుగురి పేర్లిచ్చి ఒకరిని వాడుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో అయిదుగురు సబ్‌స్టిట్యూట్లు, వాళ్లను దించడానికి ఆట మధ్యలో మూడు అవకాశాలు, అదనంగా విరామం.

అసలు పని ముందే అయిపోతుంది. ఎడమచేతి బ్యాటర్లు వరసగా దిగితే ఆఫ్‌స్పిన్నర్‌కి ఏ ఓవర్ ఇవ్వాలి, 18, 20 ఓవర్లు ఎవరివి, మూడు వికెట్లు త్వరగా పడితే అయిదో నంబర్‌లో ఎవరు వెళ్లాలి అన్నవన్నీ ముందు రోజే ఖాయమవుతాయి. మామూలుగా తప్పు జరిగేదెక్కడంటే, ప్రణాళిక ఒక్కటే ఉండి, రెండోది లేకపోవడం. ఆఖరి ఓవర్లు వేయాల్సిన డెత్ బౌలర్‌ని మొదటి మూడు ఓవర్లలోనే చితగ్గొడితే ఏం చేయాలో ఎవరూ చర్చించి ఉండరు, కెప్టెన్ డగౌట్ వైపు చూస్తాడు.

కబడ్డీలో కోచ్ ప్రభావం ఎక్కువంటారు. ఎందుకు?

డిఫెన్స్ అంటే నలుగురైదుగురు ఒకే క్షణంలో కదలడం. వేలంలో రెయిడర్‌ని, అంటే కూతకెళ్లేవాణ్ని, కొనొచ్చు, సమన్వయాన్ని కొనలేం. ఒక రెయిడర్ ప్రతిసారీ కుడి కార్నర్ (చివర నిలబడే డిఫెండర్) వైపు బోనస్ పాయింట్‌కి కాలు పెడతాడని తెలుసనుకోండి. మ్యాట్ మీద ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు ఉంటేనే బోనస్ చెల్లుతుంది. అతను కాలు చాచిన క్షణంలో కార్నర్ చీలమండ పట్టాలి, పక్క స్థానాల్లో ఉన్న ఇన్, కవర్ డిఫెండర్లు అదే ఊపులో మీద పడి మధ్యగీత వైపు దారి మూసేయాలి. కార్నర్ అరక్షణం ముందు దూకితే రెయిడర్ కాలు లాగేసుకుని టచ్ పాయింట్‌తో పోతాడు. కవర్ ఆలస్యమైతే కార్నర్‌ని ఈడ్చుకుంటూ గీత దాటేస్తాడు. వందలసార్లు చేయిస్తే తప్ప ఆ లయ రాదు, చేయించేది కోచ్.

ప్రో కబడ్డీలో మన జట్టు తెలుగు టైటాన్స్ ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో 66 మ్యాచ్‌లకి గెలిచింది 5. ఏటా కోచ్‌ని మార్చారు. పదో సీజన్‌కి రెయిడర్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకు, అప్పటికి రికార్డు ధరకి తెచ్చుకుని కూడా రెండే గెలిచారు. పదకొండో సీజన్‌కి, అంతకుముందు దిల్లీకి కప్పు తెచ్చిన క్రిషన్ కుమార్ హుడా వచ్చాడు. పవన్ అప్పుడూ ఉన్నాడు. 22లో 12 గెలిచారు. 2025లో పవన్ వేరే జట్టుకి వెళ్లాక కూడా హుడా జట్టు క్వాలిఫయర్ 2 దాకా వెళ్లింది. మిగతా ఆటగాళ్లూ మారారు కాబట్టి అంతా ఆయనదే అనలేం. అయినా ఈ వ్యాసంలోని ఉదాహరణల్లో కోచ్ వైపు ఎక్కువ మొగ్గేది మా దృష్టిలో ఇదే.

గొప్ప ఆటగాడే గొప్ప కోచ్ అవుతాడా?

అవసరం లేదు. టెస్టుల్లో 400 కొట్టిన లారా చేతిలో సన్‌రైజర్స్ అట్టడుగున నిలిచింది. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడని అరీగో సాక్కి ఏసీ మిలాన్‌కి 1989, 1990 యూరోపియన్ కప్పులు తెచ్చాడు. మన హైదరాబాద్ రహీం సాబ్ సంగతే తీసుకోండి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన శిక్షణలో 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో తలకి దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా ఆడిస్తే, ఫైనల్లో కొరియా మీద గోల్ చేశాడు. 1963లో రహీం పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకి మళ్లీ రాలేదు.

కోచ్‌కి ఎంత కాలం ఇవ్వాలి?

1986 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చిన ఫెర్గుసన్ మొదటి ట్రోఫీ 1990 మేలో, మొదటి లీగ్ టైటిల్ 1993లో గెలిచాడు. మన లీగ్‌ల్లో మూడేళ్లకోసారి మెగా వేలంలో జట్టంతా చెదిరిపోతుంది కాబట్టి అంత ఓపికకి అర్థం లేదు. ఒక వేలం చక్రం, అంటే రెండు మూడు సీజన్లు, న్యాయమైన గడువు.

మా జట్టు కోచ్ మంచివాడో కాదో నేనే ఎలా తేల్చుకోవాలి?

ముందు సీజన్ మొదలవక మునుపే, జట్టు ఎన్నో స్థానంలో నిలవాలో కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆటగాళ్ల బలం చూసి నిజాయతీగా రాయాలి. అయ్యాక రాస్తే అంచనా ఫలితం వైపు జారిపోతుంది.

తర్వాత అదృష్టానికి వాటా ఇవ్వండి. 14 మ్యాచ్‌ల ఐపీఎల్‌లో ప్రతి మ్యాచ్ బొమ్మా బొరుసే అయిన జట్టు కూడా 10 లేదా అంతకన్నా ఎక్కువ గెలిచే అవకాశం 9 శాతం ఉంది, 4 లేదా అంతకన్నా తక్కువ గెలిచే అవకాశమూ 9 శాతమే. కాబట్టి రెండు మూడు గెలుపుల తేడాకి ఏ తీర్పూ ఇవ్వకండి.

ఆ పైన పాత ఆటగాళ్లని చూడండి. కొత్తగా కొన్నవాళ్లు ఆడితే అది వేలం. రెండేళ్లుగా బెంచీ మీద ఉన్నవాడు మెరుగైతే అది శిక్షణ. కోచ్ వెళ్లిపోయాక జట్టు ఏమైందో, ఆ కోచ్ వేరేచోట ఏం చేశాడో కూడా చూడాలి. అక్కడ ఫుట్‌బాల్ కోచ్ మనోలో మార్క్వెజ్ మంచి పాఠం. 2019-20లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆఖరి స్థానంలో ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీని ఆయన 2021-22లో చాంపియన్ చేశాడు. ఒగ్‌బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. మార్క్వెజ్ గోవాకి వెళ్లాక, జీతాల కష్టాల్లో పడిన హైదరాబాద్ 2023-24లో మళ్లీ ఆఖరి స్థానానికి పడింది. జీతాలు రాక ఆటగాళ్లే వెళ్లిపోయిన చోట ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? అదే మార్క్వెజ్‌కి 2024లో భారత జట్టునిచ్చారు. క్లబ్బులో ఆటగాళ్లు రోజూ చేతికింద ఉంటారు, జాతీయ జట్టుకి ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతారు. ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే, మాల్దీవుల మీద. ఏడాదికే తప్పుకున్నాడు.